సైరన్ పిండి

ఉమారాణి తన ఇడ్లీ పిండికి పెట్టుకున్న పేరు ఒకటి, జనం పెట్టిన పేరు మరొకటి. మూడు ట్రాలీ ఆటోల మీదా ఎర్ర రంగుతో 'శ్రీ యోగానంద ఇడ్లీ, దోస పిండి, సూర్యాపేట' అని పెద్దపెద్ద అక్షరాల్లో రాయించింది. రాయించిన రోజు కొబ్బరికాయ కూడా కొట్టింది. ఆ అక్షరాలు చదివిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ ఎవరినడిగినా అది 'సైరన్ పిండి'. పేరు పెట్టేటప్పుడు జనం మనల్ని అడిగి పెట్టరు కదా.

ఆ పేరుకు కారణం ఆమె భర్త చంద్రమౌళి. మిర్యాలగూడలో మూతబడిన ఒక రైస్ మిల్లు సామాను తుక్కు కింద అమ్ముతున్నారని విని, గ్రైండరుకు మోటారు దొరుకుతుందేమోనని పోయాడు. మోటారు దొరకలేదు గానీ చేత్తో తిప్పే సైరన్ ఒకటి దొరికింది. కూలీలను పనిలోకి పిలవడానికి మిల్లువాళ్లు వాడినదట. "గిది మనకెందుకయ్యా" అని ఉమారాణి మూతి ముడిస్తే, "ముందు తిప్పి సూడు, తర్వాత తిట్టు" అన్నాడు. ఆమె పిడి పట్టుకుని తిప్పింది. అది మొదట మూలిగింది, తర్వాత గొంతు సవరించుకుంది, ఇక లేచి లేచి బజారు చివరి కుక్కలన్నీ అందుకునేదాకా పోయింది. పిండీ పిండీ అని గొంతు చించుకునే బాధ ఆ పూటతో తప్పింది.

అసలు సైరన్‌ను కోదాడ బండికి బిగించారు. ఆ బండి ఉమారాణే నడుపుతుంది. దాని మోతను ఫోనులో రికార్డు చేసి మిగతా రెండు బండ్లకూ స్పీకర్లు పెట్టించారు. సాయంత్రం నాలుగు కొట్టేసరికి మూడు ఊళ్లలోనూ అదే మోత మోగేది. ఆడవాళ్లు సీరియల్‌ను సగంలో వదిలేసి గిన్నెలు పట్టుకుని బజారులోకి వచ్చేవాళ్లు. స్టీలు డ్రమ్ములోంచి లోటాతో పిండి కొలిచి పోస్తే, రేపటి టిఫిను దిగులు ఆ ఇంటికి తీరిపోయేది. కొన్నేళ్లు అలా గడిచేసరికి మోతకూ గిన్నెకూ ముడి పడిపోయింది. వంటింట్లో ఏ పనిలో ఉన్నా సరే, సైరన్ వినపడితే చెయ్యి దానంతటదే గిన్నె మీదికి పోయేది.

కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు పక్క కాలనీలో అందరికంటే ముందు వచ్చేది సక్కుబాయి. డెబ్బై దాటిన మనిషి. కూతురు బట్టల షాపులో పనికి పోయి పొద్దుగూకాక వస్తుంది. పగలంతా సక్కుబాయి ఒక్కతే. చెవులు దాదాపు పోయాయి. నెత్తి మీద ఉరుము ఉరిమినా 'ఎవరో తలుపు కొట్టినట్టుంది' అని లేచే రకం. సైరన్ మాత్రం ఆమెకు వినపడుతుంది. బండి ఇంకా మలుపు తిరగకముందే గిన్నెతో రోడ్డు మధ్యలో నిలబడి ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా పక్కకు జరగదు. ఆ ముసలమ్మ కోసమే ఆ మలుపులో ఉమారాణి బ్రేకు మీద కాలు పెట్టుకుని వస్తుంది.

ఆ ఏడు మే నెలలో యుద్ధం వచ్చింది. ఎక్కడో సరిహద్దులో మొదలైంది గానీ, టీవీల పుణ్యమా అని ప్రతి ఇంటి ముందుగదిలోనూ జరిగింది. జనం బియ్యం, నూనె, ఉల్లిగడ్డలు దాచుకున్నారు. పిండిని ఎవరు దాచగలరు? తెల్లారేసరికి అది పొంగి, మూత తానే తీసుకుంటుంది. అందుకని యుద్ధంలోనూ ఉమారాణి బండ్లకు బేరం తగ్గలేదు. మిర్యాలగూడ బండి నడిపే దశరథ మాత్రం డీజిల్ అయిపోతుందన్న పుకారు నమ్మి, బంకు ముందు లైనులో ఎండకు మాడి, తీరా వంతు వచ్చాక ట్యాంకు నిన్ననే నింపిన సంగతి గుర్తొచ్చి తిరిగి వచ్చాడు. ఆ కథ చెప్పుకుని గ్రైండర్ల దగ్గర ఆడవాళ్లు వారం నవ్వుకున్నారు.

గాలిలోంచి దాడి జరిగితే ఏం చేయాలో జనానికి నేర్పమని పైనుంచి కబురొచ్చిందట. సైరన్ మోగగానే ఇళ్లలోకి పోవాలి, తలుపులు మూయాలి, గోడవారగా కింద కూర్చుని చెవులు మూసుకోవాలి. అంతా బాగానే ఉంది, మరి సైరన్ ఏది? కోదాడ ఎస్సై వినయ్ ఎక్కడెక్కడో వాకబు చేశాడు. కొత్తవి ఎక్కడా లేవన్నారు. చివరికి ఒక సాయంత్రం అతనే వచ్చి పిండి బండి ఆపాడు. ఆపినప్పుడు ఉమారాణి లైసెన్సు కోసం డాష్‌బోర్డు వెతకడం మొదలుపెట్టింది.

"లైసెన్స్ కాదమ్మా. మీ సైరన్ కావాలె, ఒక్క పూటకు," అన్నాడు వినయ్.

"ఒక్క పూటకేంది సార్, దేశం కోసమని అడిగిన్రు. అయిపోయేదాంక మీ కాడనే ఉంచుకోన్రి."

చంద్రమౌళి దానికి గ్రీజు పెట్టి, పిడి తుడిచి, పెళ్లికూతుర్ని పంపినట్టు పంపాడు. ఉమారాణి గర్వానికి హద్దు లేదు. కనపడిన ప్రతివాళ్లకూ చెప్పుకుంది, మా సైరన్‌నే పోలీసులు తీసుకుపోయారని. గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకోవడం అంటే ఏమిటో ఆమెకు అప్పటికింకా తెలియదు.

మాక్ డ్రిల్ అనే ఆ అభ్యాసం సాయంత్రం నాలుగింటికి అన్నారు. పొద్దున్నించీ మైకు కట్టిన ఆటో తిరిగి తిరిగి చెప్పింది. మైకులో చెప్పింది మనవాళ్లు ఎప్పుడు విన్నారు గనక. సరిగ్గా నాలుగింటికి నీళ్ల ట్యాంకు మీదికెక్కిన కానిస్టేబులు పిడి తిప్పాడు. మోత మూలిగింది, లేచింది, కాలనీ అంతా కమ్ముకుంది. లోపలికి పోవాల్సిన జనం బయటికి వచ్చారు. ఒక్కరూ ఇద్దరూ కాదు. ప్రతి గుమ్మంలోంచీ గిన్నె పట్టుకుని ఒకరు. స్టీలు గిన్నెలు, సిల్వరు గిన్నెలు, ఒకావిడైతే చుట్టాలొచ్చారని ఏకంగా బకెట్టే పట్టుకొచ్చింది. అందరికంటే ముందు సక్కుబాయి, రోడ్డు నడిమధ్యలో, గిన్నె గుండెలకు హత్తుకుని, బండి వచ్చే దిక్కు చూస్తూ.

వినయ్ ఈల ఊదాడు, చేతులు ఊపాడు. "లోపలికి పోన్రమ్మా, లోపలికి."

"పోతాం సార్. పిండి పోయించుకుని పోతాం," అంది బకెట్టు ఆవిడ.

బజారు చివర బండి ఆపుకుని చూస్తున్న ఉమారాణికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే తన చెయ్యి కూడా డ్రమ్ము మూత మీదికి పోయిందని గమనించి ఇంకా నవ్వింది. జనమూ నవ్వారు. పైనున్న కానిస్టేబులు కూడా నవ్వుతుంటే పిడి సరిగా తిరగక మోత ఎక్కిళ్లు పెట్టింది. చివరికి అందరూ మైకు ఆటో మాట గుర్తు తెచ్చుకుని, నాలుకలు కరుచుకుని ఇళ్లలోకి పోయారు. సక్కుబాయి ఒక్కతే పోలేదు. ఆమెకు ఈల వినపడలేదు, నవ్వూ వినపడలేదు. వినపడిందల్లా సైరనే. సైరన్ మోగింది కాబట్టి నిలబడి ఉంది.

వినయ్ చెమట తుడుచుకుంటూ బండి దగ్గరికి వచ్చాడు. అరుస్తాడేమోనని ఉమారాణి కొంగు సర్దుకుంది. అతను అరవలేదు.

"నాకూ నవ్వొచ్చిందమ్మా. కాని నిజంగ మోగినరోజు కూడ గిట్లనే వస్తరు గద. గా సప్పుడికి బయటికి రావాల్నని మీరు ఇన్నేండ్లు నేర్పిన్రు. నేను ఒక్క పూటల ఎట్ల మాన్పిస్త చెప్పున్రి."

అతను సక్కుబాయి వైపు చూశాడు. ఉమారాణీ చూసింది. పైన మంట లాంటి ఆకాశం, కింద రోడ్డు మధ్యలో గిన్నెతో ముసలమ్మ. ఉమారాణి డ్రమ్ము మూత మీది నుంచి చెయ్యి తీసేసింది. ఆ సాయంత్రం మునగాల మీదుగా సూర్యాపేట దాకా బండి ఎలా నడిపిందో ఆమెకే తెలియదు.

ఇంట్లో అన్నం కలుపుకుని కంచం పక్కకు జరిపింది. చంద్రమౌళి రెండుసార్లు అడిగాక చెప్పింది.

"మన సప్పుడు మనుషుల్ని సావుకు పిలుస్తదయ్యా."

"యుద్ధం గీడిదాంక వస్తదా ఏంది. ఎక్కడో సరిహద్దుల కొట్టుకుంటున్నరు."

"రాకుంటె మంచిదే. వస్తె? మూడు ఊర్ల ఆడోళ్లు గిన్నెలు పట్టుకొని నడిబజార్ల నిలబడ్తరు. ఎవరు నేర్పిన్రంటె మనమే నేర్పినం. రేపటి సంది బండ్లల్ల సైరన్ బంద్. మూడిట్ల."

చంద్రమౌళి చెయ్యి కడుక్కుని చాలాసేపు తువ్వాలుతో తుడుచుకున్నాడు. "ఎండకాలం పిండి ఉమా. సప్పుడు లేకుంటె బండి వచ్చిందని ఎవరికి తెలుస్తది? సైరన్ పిండిల సైరన్ తీస్తె ఇగ ఏముంటది?"

"పిండి ఉంటది."

చంద్రమౌళి మర్నాడు పొద్దున్నే తనే లేచి రెండు బండ్ల స్పీకర్ల వైర్లు పీకి, కొనలకు టేపు చుట్టాడు. తన జీవితంలో తనకు తట్టిన ఒకే ఒక గొప్ప ఆలోచన ఆ సైరన్. దాన్ని తన చేత్తోనే పీకేయాల్సి రావడం అతనికి నిజంగా బాధయింది. అయినా పెళ్లాం చెప్పింది న్యాయమని తెలుసు కాబట్టి పీకాడు.

మోత లేని బండి ఎవరికీ కనపడదని ఉమారాణికి మొదటిరోజే అర్థమైంది. కోదాడలో బజారు బజారంతా తిరిగినా నాలుగు గిన్నెలు రాలేదు. బండి దిగి తలుపులు కొట్టడం మొదలుపెట్టింది. తలుపు తెరిచినవాళ్లందరికీ అదే మాట.

"సైరన్ మోగితె బయటికి రాకున్రి. మోగితె లోపలికి పోన్రి. బండి వచ్చిందని నేనే వచ్చి చెప్త."

"అయితే ఇక సైరన్ పిండి రాదా?"

"పిండి వస్తది. సైరన్ రాదు."

ఒకరు నవ్వారు, ఒకరు విసుక్కున్నారు, పోలీసులు మీ సైరన్ లాగేసుకున్నారట కదా అని ఒకరు జాలిపడ్డారు. చెప్పిచెప్పి గొంతు బొంగురుపోయింది. చెప్పడం అయ్యేసరికి ఎండకు పిండి పులిసి, డ్రమ్ములు సగానికి సగం తిరిగి వచ్చేవి. గ్రైండర్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లు మొగమాటానికి ఇంటికి తీసుకుపోయి రోజూ దోసెలే పోసుకున్నారు. మిర్యాలగూడ నుంచి దశరథ ఫోన్ చేశాడు.

"అక్కా, రెండు గల్లీల తలుపులు కొట్టేసరికి మూడో గల్లీకి పిండి పులిసిపోతుంది. నాతోని అయితలేదు."

"మూడో గల్లీల గూడ కొట్టు దశరథా. పిండి తీసుకోకున్నా మంచిదే, మాట చెప్పి రా."

అందరికీ చెప్పడం ఒక ఎత్తు, సక్కుబాయికి చెప్పడం ఒక్కటీ ఒక ఎత్తు. ఉమారాణి పోయేసరికి ఆమె గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"నా మీద కోపం వచ్చిందా అమ్మాయ్? ఇటే పోతున్నావంట, పిలవటం లేదు," అంది సక్కుబాయి.

ఉమారాణి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "కోపం కాదు పెద్దమ్మా. సైరన్ ఇప్పుడు పోలీసోళ్ల కాడ ఉంది. అది మోగితె నువ్వు బయటికి రావొద్దు."

"నువ్వు పిలిస్తే రాకుండా ఎట్లా ఉంటాను? ఇదెక్కడి చోద్యం."

"నేను కాదు పిలిచేది. యుద్ధం."

'యుద్ధం' వినపడిందో లేదో గానీ సక్కుబాయి మొహం చిన్నబోయింది. "పొద్దున్నించీ మునిమాపు దాకా నాకు వినపడేది అదొక్కటే కదా తల్లీ. అది వినపడితే ఊళ్లో మనుషులున్నారు, నాలుగయింది అనుకునేదాన్ని. దాన్ని తీసుకుపోయి వాళ్ల చేతిలో పెట్టావా," అంది.

ఉమారాణి దేశానికిచ్చానని మురిసిపోయింది గానీ, ఎవరి దగ్గర్నుంచి తీసి ఇచ్చిందో ఆలోచించలేదు. మాటలు పనికిరావని తనే గోడవారగా చతికిలబడి, అరచేత్తో విమానం చేసి చూపించింది, సైరన్ లాగా నోటితో మోత తీసింది, రెండు చెవులూ మూసుకుంది. సక్కుబాయి కాసేపు వింతగా చూసి, మోకాళ్లు పట్టుకుని తనూ పక్కన కూర్చుంది. ఆ రోజు నుంచీ అదొక నిత్యకృత్యమైంది. ఉమారాణి వచ్చి చెయ్యి విమానం చేసేది, ముసలమ్మ గోడవారగా కూర్చునేది, లోటాడు పిండి గిన్నెలో పోయించుకుని పంపేది. "తెలిసిందా పెద్దమ్మా" అంటే తల ఊపేది. చెవిటివాళ్లు తల ఊపితే వినపడిందని కాదు, అడిగి అడిగి విసిగించొద్దని అర్థం. ఆ సంగతి తెలుసు కాబట్టే ఉమారాణి గుండెలోని రాయి కదల్లేదు.

మళ్లీ ఒక అభ్యాసం పెడుతున్నారని వినయ్ ఫోన్ చేసి చెప్పాడు. "ఈసారి గూడ గిన్నెలొస్తె ఇగ నేను సేసేదేం లేదమ్మా," అన్నాడు. అతనికి నవ్వులాటగా లేదని గొంతులో తెలిసింది.

ఆ సాయంత్రం ఉమారాణి ముందే వచ్చి సక్కుబాయి ఇంటికి ఎదురుగా బండి ఆపింది. డ్రమ్ముల నిండా పిండి ఉంది. ఇంజను ఆపి, కిందికి దిగి, బండికి ఆనుకుని నిలబడింది. ఎవ్వరూ రావద్దు స్వామీ అని మొక్కుకుంది. అమ్ముకుని బతికే మనిషి ఇలాంటి మొక్కు మొక్కే రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ట్యాంకు మీద పిడి తిరిగింది. ఇన్నాళ్లూ తన చేత్తో తిప్పిన మోత అది. ఎక్కడ మూలుగుతుందో, ఎక్కడ లేస్తుందో ఆమెకు తెలుసు. అది పూర్తిగా లేచేలోపు తలుపులు టపటపా పడటం మొదలైంది. పక్కింటి కిటికీ మూసుకుంది. బకెట్టు ఆవిడ అలవాటుగా గేటు దాకా గిన్నెతో వచ్చేసి, చేతిలో గిన్నెను చూసుకుని, గిరుక్కున వెనక్కి తిరిగి పరుగెత్తింది. అంతే. బజారులో ఒక్క మనిషి లేదు, ఒక్క గిన్నె లేదు. ఇంత ఖాళీ బజారును చూసి ఇంత సంతోషపడిన అమ్మకందారు ఆ చుట్టుపక్కల ఇంకొకరు ఉండరు. సక్కుబాయి తలుపు వైపే కళ్లార్పకుండా చూసింది. మూసే ఉంది. మోత ఇంకా ఇంకా పైకి పోతోంది, తలుపు మూసే ఉంది. నేర్చుకుంది ముసలమ్మ, బతికించింది నన్ను అనుకునేసరికి ఉమారాణికి కళ్లు మసకబారాయి.

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

ఉమారాణి రెండు చేతులూ ఊపింది. లోపలికి, లోపలికి పో పెద్దమ్మా అని అరిచింది. ఊపినా అరిచినా లాభం లేదు. సక్కుబాయి గడప దాటి, కాలే రోడ్డు మీద చెప్పులు లేని కాళ్లతో, వంగిన నడుముతో వీలైనంత వేగంగా వస్తోంది. దగ్గరికి వచ్చాక గానీ ఉమారాణి చూడలేదు. ఆమె చేతిలో గిన్నె లేదు. ఆ ఖాళీ చెయ్యి చాచి ఉమారాణి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"బుద్ధుందా నీకు? కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఊరందరికీ చెప్పి నువ్వు ఎండలో నిలబడ్డావేం? అంత మోగుతుంటే వినపడటం లేదా? నీకూ చెవుడొచ్చిందా?"

ఉమారాణి అటూ ఇటూ చూసింది. బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా బయట ఉన్నది తను, తన కోసం వచ్చిన ముసలమ్మ. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అయింది. ఎన్నేళ్లుగానో ఆ మోత మోగినప్పుడు ఆమె చోటు బండి పక్కనే. మోగించేది మనం కదా, అది మన కోసం కాదనుకుంది. ఇన్ని గడపలు తొక్కి ఇంతమందికి చెప్పింది గానీ, ఆ మాట తనకు కూడా చెప్పుకోవాలని తట్టనే లేదు.

సక్కుబాయి ఆమెను లాక్కుపోయి తలుపు గడియ పెట్టింది. భుజం నొక్కి గోడవారగా కూర్చోబెట్టి, తనూ మూలుగుతూ పక్కన కూలబడింది.

"ఇది నేర్పుడు కోసం పెద్దమ్మా. ఉత్తదే," అంది ఉమారాణి.

అది సక్కుబాయికి వినపడలేదు. ఆమెకు తెలిసింది ఉమారాణి నేర్పిందే. ముడతలు పడ్డ రెండు అరచేతులూ ఎత్తి ఉమారాణి చెవులు గట్టిగా మూసింది. తన చెవులు మూసుకోవాలని ఆమెకు గుర్తే లేదు. ఉన్న రెండు చేతులూ అక్కడే అయిపోయాయి. ఉమారాణికి ఏడుపు ఆగలేదు. కాసేపటికి తన చేతులు ఎత్తి ముసలమ్మ చెవుల మీద పెట్టింది. బయట బండిలో పిండి పులుస్తూ ఉంది. మోత ఆగేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.